ఆండిపట్టి ఎవరి వాటాకూ రాలేదు

తెలుగునేల దాటి ఉన్న తెలుగువారి గురించి రాసేవాళ్లలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో శతాబ్దాలుగా ఉంటున్నవాళ్ల ప్రస్తావన రాగానే ‘విభజనలో పోగొట్టుకున్నవాళ్లు’ అనో, ‘తెలుగుజాతి నుంచి తెగిపోయిన ముక్క’ అనో రాసేస్తాం. రెండు తెలుగు రాష్ట్రాల నడుమ నీళ్ల తగాదా గురించి రాయాల్సి వస్తే అదే కలంతో ‘అన్నదమ్ముల ఎడబాటు’ అని కంటతడి పెడతాం. రెండు చోట్లా మాట తారుమారైంది. ఇదేదో నిఘంటువుల పట్టింపు అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఏ మాట వాడతామన్నదాన్ని బట్టి, ఎవరికి ఏం బాకీ ఉన్నామన్నదే మారిపోతుంది. విభజన జరిగితే వాటాలు తేల్చుకోవాలి. ఎడబాటు ఉంటే రాకపోకలు సాగించాలి. లెక్క తేల్చాల్సినచోట కన్నీళ్లు, రాకపోకలు కావాల్సినచోట హద్దుల వాదన పెట్టుకుంటే రెండు పనులూ చెడతాయి. చెడుతున్నాయి కూడా. ఈ తేడాను తేటతెల్లంగా చూపించే ఊరు నాకు తెలిసినంతలో తమిళనాడు తేని జిల్లాలోని ఆండిపట్టి.

ముందు మాటల సంగతి. విభజనలో భాగం ఉంది. విభజన, భాగం, భాగ్యం మూడూ ఒకే ధాతువు బిడ్డలు. విభజన జరగాలంటే మొదట మొత్తంగా ఉన్న వస్తువు ఒకటి కావాలి, పంచే చెయ్యి కావాలి, కొలత కావాలి. అది ఒక రోజున పూర్తవుతుంది, అందుకే విభజనకు తేదీ ఉంటుంది. ఎడబాటులోని ‘ఎడ’ నడుమనున్న దూరం. దీనికి పంచే చెయ్యి అక్కర్లేదు, కొలతా లేదు. ఎడబాటులో నీ వాటా ఎంత అని ఎవరినీ అడగలేం. దానికి తేదీ ఉండదు, కాలం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. విభజించిన వస్తువులో ఏ భాగమూ మొదటి వస్తువంత ఉండదు. పదెకరాలు రెండైతే అయిదూ అయిదూ అవుతాయి. ఎడబాసినవాళ్లు ఇద్దరూ మాత్రం ఎవరికి వాళ్లు నిండు మనుషులే. కొరత పడేది వాళ్ల నడుమ ఉన్న బంధం, వాళ్లు కారు.

ఈ తేడా మన సమాజానికి కొత్తదేమీ కాదు. ఆస్తి పంపకాల ధర్మశాస్త్రమైన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే పంచుకోవడం గురించి మనవాళ్లు చాలా కాలంగా ఆలోచిస్తున్నారు. 1866లో మద్రాసు రాజధాని నుంచి వెళ్లిన అప్పోవియర్ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పిన తీర్పు ఈ ఆలోచనను ఇంకాస్త పదును పెట్టింది. ఎవరి వాటా ఎంతో ఒప్పందమైపోతే, పొలాన్ని గట్లు వేసి పంచకపోయినా ఉమ్మడి కుటుంబం విడిపోయినట్టేనంది. హక్కు విడిపోవడం వేరు, భూమి విడిపోవడం వేరు అని చట్టమే ఒప్పుకుందన్నమాట. చట్టం పట్టించుకోని మూడోది మన ఇళ్లలో ఉంది. దాయాది అన్న మాటకు అర్థమే దాయభాగం పుచ్చుకునేవాడని. ఆ భాగం పుచ్చుకుని, వేరు కాపురం పెట్టి, గట్టు తగాదాతో కోర్టుకెక్కిన దాయాది ఇంట్లో చావు జరిగినా పదిరోజుల మైల పట్టక తప్పదు. పంపకాలు అయ్యాయా లేదా అని మైల దగ్గర ఎవరూ అడగరు. ఆస్తి విభజన సంపూర్ణమైనా బంధంలో ఎడబాటు రాకపోవచ్చు. ఉమ్మడి ఆస్తి సెంటు కూడా పంచకుండానే, దూరదేశంలో ఉన్న కొడుకుతో ఎడబాటు నిండుగా ఉండవచ్చు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇప్పుడు ఆండిపట్టి. మదురై నుంచి ఉసిలంపట్టి మీదుగా తేని వెళ్లే దారిలో వైగై ఆనకట్టకు దగ్గరగా ఉన్న ఊరిది. తెలుగు పాఠకుల్లో చాలామందికి ఎం.జి.ఆర్. 1984లో అమెరికా ఆసుపత్రిలో ఉండి గెలిచిన నియోజకవర్గంగానో, జయలలిత 2002 ఉప ఎన్నికలో నిలిచిన చోటుగానో మాత్రమే తెలుసు. ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చదివితే ఇంకో చరిత్ర బయటపడుతుంది. ఇటు గండమనాయకనూరు, అటు బోడినాయకనూరు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక రాజ్యం, దేశాన్ని డెబ్బైరెండు పాళెగాళ్ల కింద అమర్చిన కాలపు గుర్తులవి. విజయనగర సేనల వెంట, ఆ పాళెగాళ్ల వెంట, వాళ్లకు ముందూ వెనకా పశువులు తోలుకుని, నల్లరేగడి వెతుక్కుంటూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి దిగాయి. రాజకంబళం నాయకులు, కమ్మ నాయుళ్లు, రెడ్లు, చెప్పులు కుట్టే పని మీద పడ్డ అరుంధతీయులు ఆ వైపంతా స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రాత అంతా తమిళమే.

వాళ్ల వలస కథలు ఈ వాదానికి బలమైన సాక్ష్యం. ఆ సమాజాల్లో పలుచోట్ల దాదాపు ఒకే కథ వినిపిస్తుంది. తమ ఇంటి ఆడపిల్ల మీద ఒక పాలకుడి కన్ను పడింది, ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రి కుటుంబమంతా దక్షిణానికి కదిలింది, తరుముకొస్తున్న సైన్యానికి అందకుండా నది దాటడానికి ఒడ్డున ఉన్న చెట్టు వంగి వంతెనగా నిలిచింది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఆయన తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ నవల ఇలాంటి వలస కథ మీదే నిలబడింది. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది చరిత్రకారుల పని. నేను గమనించేది దాని నిర్మాణాన్ని. ఈ కథలో ఎవరూ దేనినీ పంచుకోరు. అన్నదమ్ములు తగవు పడరు. వెళ్లేవాళ్లు తమ వాటా అడగరు, ఉన్నవాళ్లు ఇది మాది అనరు. పొలం, ఇల్లు, ఊరు అంతా వదిలేసి వచ్చారు. వాళ్ల జ్ఞాపకంలో మిగిలింది వదిలి రావడం. ఎడబాటును అచ్చంగా చెప్పిన కథ ఇది. అందులో విభజన జాడ కూడా లేదు.

వాళ్లను ముక్కలు అనడం ఎంత పొరపాటో సాహిత్య చరిత్ర చెబుతుంది. తంజావూరు, మదురై నాయకుల కొలువుల్లో యక్షగానం పెరిగింది, తెలుగు వచనం ఒక స్వతంత్ర ప్రక్రియగా నిలదొక్కుకుంది. సాహిత్య చరిత్రకారులు దానికి దక్షిణాంధ్ర యుగమని ప్రత్యేకంగా పేరు పెట్టారు. ముక్కకు యుగం ఉండదు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగయ్యను తెగిపోయిన తెలుగువాడని ఎవరం అనం కదా. కోయంబత్తూరు జి.డి. నాయుడి యంత్రాల గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడూ అలా అనం. గొప్పవాళ్లను నిండు తెలుగువాళ్లుగా లెక్కేసి, ఆండిపట్టి రైతునూ కూలీనీ మాత్రం పోగొట్టుకున్న ముక్కగా చూడటంలో న్యాయం లేదు.

ఇక అసలైన విభజన దగ్గరికి వద్దాం. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ గుంటూరు తెలుగువాడూ మదురై తెలుగువాడూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నవాళ్లే. ఆ రోజుల్లో మద్రాసు నగరం ఎవరిదన్న తగువు, బళ్లారి తగువు, తిరుత్తణి తగువు నడిచాయి. తిరుత్తణి, సత్యవేడు వైపు హద్దులను పటాస్కర్ సూత్రాల మీద తేల్చారు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవాలి, అక్కడ ఎక్కువమంది మాట్లాడే భాష చూడాలి, ఆ ఊరు రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. 1960 ఏప్రిల్ 1 నుంచి ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఆ సూత్రాల్లో తప్పేమీ లేదు. భూమిని పంచాలంటే అంతకన్నా మంచి కొలత దొరకదు. ఆ కొలతకు ఆండిపట్టి అందదు. అది ఆనుకుని లేదు, వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏ సంఘం ముందూ, ఏ నివేదికలోనూ ఆండిపట్టి ఎవరికి చెందాలన్న ప్రశ్న రాలేదు, రాకూడదు కూడా. అది తమిళనాట ఉన్న ఊరు, తమిళనాటి ఊరిగానే ఉండాలి. ఆ ఊరు చూసిన విభజన ఏదైనా ఉంటే అది 1990లలో మదురై జిల్లా నుంచి తేని జిల్లాను వేరు చేసినప్పటిది. విభజన పత్రాల్లో లేనివాళ్లను విభజనలో పోగొట్టుకున్నామనడం ఎలా కుదురుతుంది?

రాజ్యాంగ సవరణ చేసినవాళ్లకు ఈ తేడా మనకన్నా బాగా తెలిసినట్టుంది. 1956లో భాషా రాష్ట్రాలకోసం ఏడో సవరణ తెచ్చినప్పుడు, రాష్ట్రాల జాబితాను మార్చి ఊరుకోలేదు. అదే సవరణతో 350-ఎ, 350-బి అధికరణాలు చేర్చారు. మొదటిది, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. రెండోది, వాళ్ల రక్షణల సంగతి చూసి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేక అధికారి ఉండాలంటుంది. గీత ఎంత జాగ్రత్తగా గీసినా అటూ ఇటూ మనుషులు మిగిలిపోతారనీ, వాళ్ల సమస్య ఇంకో గీతతో తీరదనీ ఆ సవరణ గుర్తించింది. భూమికి హద్దు రాశారు, మనుషులకు బడి రాశారు. మనం హద్దు గురించి డెబ్బై ఏళ్లు వాదించుకున్నాం, బడి సంగతి మరిచాం.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 1947ను చూడండి, అక్కడ విభజనే ఎడబాటు అయింది కదా, రెంటినీ వేరు చేసి చూడటం పండితుల సరదా కాదా అని అడగవచ్చు. గీత ఇళ్ల మధ్యనుంచి పోయినచోట విభజన ఎడబాటును పుట్టిస్తుంది, నిజమే. పుట్టించేదీ పుట్టేదీ ఒకటే అని దానివల్ల రుజువు కాదు. అప్పుడు ఖజానా నిల్వల్లో పాకిస్తాన్‌కు పదిహేడున్నర శాతమని లెక్క కట్టారు. ఆ లెక్క ఎప్పుడో తెమిలింది. లాహోరు, అమృతసరు మనుషుల ఎడబాటు తెమలలేదు. ఒకటి తీరాక కూడా రెండోది తీరకుండా మిగిలిందంటే అవి రెండు వేరువేరు సంగతులని ఆ చరిత్రే చెబుతోంది.

విభజనను చెడ్డమాటగా చూడటం కూడా నాకు సమ్మతం కాదు. ఆండిపట్టి పక్కనున్న నీళ్లనే తీసుకుందాం. పడమటికి పారే పెరియార్ నదికి ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తొలిచి, నీటిని తూర్పుకు మళ్లించడానికి 1886లో తిరువాన్కూరు మహారాజుతో 999 ఏళ్ల కౌలు ఒప్పందం జరిగింది. 1895 నుంచి ఆ నీళ్లు కంబం లోయలోకి దిగి వైగైలో కలుస్తున్నాయి. 1959లో ఆండిపట్టి దగ్గర వైగై ఆనకట్ట లేచింది. పెరియార్ ఆనకట్ట కేరళలో, దాని ఆయకట్టు తమిళనాడులో. 2014 మే 7న సుప్రీంకోర్టు ముల్లపెరియార్ అని పిలిచే ఆ ఆనకట్టలో నీటిమట్టం 142 అడుగుల దాకా ఉంచవచ్చంది. ఇక్కడ కావాల్సింది అడుగుల లెక్క, ఘనపుటడుగుల లెక్క, న్యాయమైన పంపకం. అన్నదమ్ముల్లా ఉందామన్న మాటతో ఒక్క చేనూ తడవదు. నీటికి విభజనే గౌరవం. తెలుగు మాట్లాడే రైతుకూ తమిళం మాట్లాడే రైతుకూ ఆ కాలువలో హక్కు ఒకే కొలతతో వస్తుంది, అది అలాగే రావాలి.

అరుంధతీయుల సంగతి ఇంకా స్పష్టం. తమిళనాట షెడ్యూల్డు కులాల్లో అట్టడుగున ఉండి, చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే వాళ్లకు 2009లో ఆ రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలోపలే 3 శాతం ప్రత్యేకంగా కేటాయించింది. మన దగ్గర 1994లో మొదలైన మాదిగ దండోరా కోరిందీ ఇదే. దళితుల ఐక్యతను చీలుస్తున్నారని అప్పుడూ ఇప్పుడూ వినవస్తున్న విమర్శ. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ విమర్శలో ఉన్నది సరిగ్గా నేను చెబుతున్న పొరపాటే. వాటా పంచితే మనుషులు ఎడబాస్తారని భయపడటం. నిజానికి ఎడబాటు ముందునుంచే ఉంది. ఒకే జాబితాలో ఉంటూ ఉద్యోగం ఒకరికీ, పారిశుద్ధ్యపు పని ఇంకొకరికీ దక్కినప్పుడే అది వచ్చేసింది. లెక్క తేల్చకుండా ఐక్యత అడిగేవాళ్లు వాటా తక్కువ పడినవాడి మీదే ఆ భారం మోపుతున్నారు.

2014 జూన్ 2న తెలంగాణ వేరుపడ్డాక మనం చేసింది ఈ పొరపాటుకు ఇంకో ముఖం. రాష్ట్రాలుగా విడిపోయి మనుషులుగా కలిసుందాం అన్న తెలంగాణ ఉద్యమ నినాదంలో ఈ వివేకం ముందే ఉంది. వేర్పాటువాదం అని దాన్ని ఎదిరించినవాళ్లు విభజన అడిగినవాడిని ఎడబాటు కోరినవాడిగా చిత్రించారు. అది అన్యాయం. మరి విభజన జరిగాక? విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతాల లెక్క ఇచ్చింది. తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల పంపకం పదేళ్లు దాటినా పూర్తిగా తేలలేదు. కృష్ణా జలాల వాదన ట్రిబ్యునల్ ముందుకే మళ్లీ వెళ్లింది. లెక్క అడిగితే ద్వేషమనీ, లెక్క వదిలితే ప్రేమ అనీ రెండు వైపులా కొందరు మాట్లాడుతున్నారు. పంచుకోవాల్సింది తొందరగా, కచ్చితంగా పంచుకుంటేనే మనుషుల మధ్య రాకపోకలు తేలికవుతాయి. ఆలస్యమైన పంపకమే ఎడబాటు తెస్తుంది.

చివరి ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. ఆండిపట్టి వాళ్లు ఇప్పుడు తమిళులే, మీకున్న ఎడబాటు బాధ వాళ్లకు లేదు, లేని బాధను అంటగట్టడమెందుకు అంటే ఏం చెప్పాలి? ఎడబాటుకు ఇద్దరు కావాలన్నది ఒప్పుకుంటాను. అక్కడి ఒక కుటుంబం తాము తమిళులమనే చెప్పుకుంటే ఆ మాటే ప్రమాణం. కి. రాజనారాయణన్ తమిళంలో రాయడం తెలుగుకు జరిగిన నష్టమని నేననను. తమిళం ఆయన చేతిలో కొత్త యాసతో పండింది, అది ఆ నేలకు ఆయన చెల్లించిన గౌరవం. 2006 చట్టంతో తమిళనాట బళ్లలో తమిళం తప్పనిసరైంది. అక్కడ బతికే పిల్లకు తమిళం రావాల్సిందే, అందులో అభ్యంతరపడేది లేదు. కాని తమిళం నేర్చుకోవడం ఒకటి, అమ్మతో మాట్లాడే మాటకు అక్షరం లేకపోవడం ఇంకొకటి. నాయక రాజుల కాలం పోయాక తరతరాలుగా బడీ, పత్రికా, ప్రభుత్వమూ పెద్దగా తోడు లేకుండా ఒక భాషను ఇంట్లో నిలబెట్టుకోవడం బాధలేని మనుషులు చేసే పని అని నేను నమ్మలేను. బాధ అన్న మాట పెద్దదైతే, పట్టుదల అనండి. ఆ పట్టుదలను గుర్తించడం అంటగట్టడం కాదు. ఆ ఇళ్లలో చిన్నపిల్లలు తెలుగు వదిలేస్తున్నచోట, వద్దనుకుని వదిలారా, దారిలేక వదిలారా అన్న తేడా చూడాలి. దారి ఉండి వదిలితే అది వాళ్ల ఇష్టం. దారిలేక వదిలితే అందులో మన బాధ్యత ఉంది.

ఆ బాధ్యత హద్దులు మార్చేది కాదు, ఎవరి వాటానూ తగ్గించేది కాదు. తమిళ లిపి వచ్చిన పిల్లలు సులువుగా అందుకునేలా తెలుగు వాచకాలు తయారుచేయడం మన విశ్వవిద్యాలయాలకూ అకాడెమీలకూ చేతకాని పనేం కాదు. సా.వెం. రమేశ్ ‘కతల గంప’ లాంటి పుస్తకాలతో ఆ వైపు తెలుగు మాటను మన కళ్లముందు పెట్టారు. ఒక రచయిత చేసిన పనిని సంస్థలు అందుకోవాలి. ఆ ప్రాంతపు తెలుగును వంకరపోయిన తెలుగుగా సరిదిద్దే ఆలోచన మానుకుని, అక్కడ నిలిచిన మాటలను నిఘంటువుల్లోకి ఎక్కించాలి.

ప్రభుత్వాల కోసం ఆగక్కర్లేని పని ఒకటుంది. ఏటా కార్తికం నుంచి సంక్రాంతి దాకా రెండు రాష్ట్రాల నుంచి వేలాది అయ్యప్ప భక్తులు మదురై మీనాక్షిని చూసుకుని, ఆండిపట్టి, తేని, కంబం, కుమిళి దారిన శబరిమల వెళ్తారు. వాళ్ల బస్సులు ఆండిపట్టి నడివీధిలోంచే పోతాయి. ఈసారి అక్కడ టీ కోసం దిగినప్పుడు కొట్టువాడితో సైగలు చేయకండి, తెలుగులోనే పలకరించండి. జవాబు తెలుగులో వస్తే ఆ యాసకు నవ్వకండి, మీరెప్పుడు విడిపోయారని అడగకండి. ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారా అని అడగండి, ఏం చదువుకుంటారో కనుక్కోండి, తిరిగి వచ్చేటప్పుడు వాళ్లకో తెలుగు పుస్తకం ఇచ్చి రండి.